తిన్న తిండి ఒంటబట్టని వ్యాధి

కడుపునిండ భుజించుచున్నను మనిషి నానాటికి కృశించుట, మలము జిడ్డుగా దుర్గంధముతో వెడలుట పెందుర్తి చుట్టుపట్ల గ్రామములందెవరికైన కనబడినచో, పంచాయతీ సభ్యులు వట్టి అజీర్ణమని ఉపేక్షింపరాదు. జఠరము వెనుకనున్న క్లోమగ్రంథి జీర్ణరసములను చాలినంత స్రవింపనప్పుడు, ముఖ్యముగా క్రొవ్వు జీర్ణముగాక వెలికిపోవును. చిరకాల మద్యపానమువలన ఈ గ్రంథి చెడును. అయితే దక్షిణ భారతమున త్రాగుడెరుగని యువజనులలోను దీనియందు రాళ్లేర్పడు వ్యాధి కలదు. కావున రోగిని త్రాగుబోతని నిందించుట అన్యాయము.

విశాఖపట్టణమున 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రికి పంపి పరీక్ష చేయింపవలెను. లోపించిన రసములనే గొట్టపు మాత్రలుగా ఇత్తురు. వీనిని పరగడుపున గాక భోజనముతోడనే మ్రింగవలెను, నమలరాదు. ఇవి పంది క్లోమమునుండి తయారగునవి. ఆ సంగతి రోగికి ముందే తెలుపుట మర్యాద. పెక్కుమందికి ఇవి జీవితాంతము అవసరము; ఒళ్లు తేరినదని మానినచో మరల చిక్కిపోవుదురు. మధుమేహమును తోడగుట కలదు గనుక, రక్తములో చక్కెరను గూడ అప్పుడప్పుడు చూపించుకొనవలెను.