రాత్రి డ్యూటీ సిస్టర్ పేషంటును మాటిమాటికీ ఎందుకు లేపుతుంది?



మీ మనిషిని వార్డులో చేర్పించి, వరండాలో చాప పరుచుకుని ఉన్న మీ కోసమే ఈ నాలుగు మాటలు. అర్ధరాత్రి దాటాక టార్చిలైటు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చే సిస్టర్‌ను చూస్తే మీలో చాలామందికి విసుగు. "ఊకె వచ్చి లేపుతవేంది సిస్టరమ్మా, జర పండుకోనీయరాదు" అంటారు. ఇంజక్షను చేస్తే, సెలైన్ ఎక్కిస్తే అది వైద్యం అని మీకు తెలుస్తుంది. వచ్చి చూసిపోతే అది పనిలా కనబడదు. నర్సు పనిలో పెద్ద భాగం ఆ చూడటమే.

పురుగుమందు తాగిన మనిషి సంగతి తీసుకోండి. తిరుమలగిరి చుట్టూ వరి, పత్తి వేసే ఊళ్ళు. పురుగుమందు డబ్బా ఇంట్లోనే ఏదో మూల ఉంటుంది, కోపం ఒక్క నిమిషం చాలు. ఈ మందుల్లో ఆర్గానోఫాస్ఫరస్ అనే జాతి ఉంది. అది ఒంట్లోకి పోతే నోటి వెంట చొంగ, ఒళ్ళంతా చెమట, ఛాతీలో గరగర. కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది. దీనికి అట్రోపిన్ ఇస్తాము. ఎంత ఇవ్వాలో డాక్టరుగారు రాస్తారు. అది ఎంతవరకు పనిచేసిందో మంచం పక్కన ఉన్నవారు చూసి చెప్పాలి. చెమట ఆరిందా? గరగర తగ్గిందా? నాడి ఎంత కొట్టుకుంటోంది? మందు చాలకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కువైతే జ్వరం వస్తుంది, మనిషి అర్థంలేని మాటలు మాట్లాడతాడు, గాలిలో ఏదో ఏరుతున్నట్టు చేతులాడిస్తాడు. మీరు గాలి సోకిందనుకుని తాయెత్తు కోసం పరుగెత్తుతారు. గాలి కాదు, మందు. సిస్టర్‌ను పిలవండి.

రెండో రోజుకో మూడో రోజుకో మనిషి తేరుకుంటాడు, చాయ్ అడుగుతాడు. ఇక ఇంటికి తీసుకుపోతామని మీరు మొదలుపెడతారు. మాకు భయం పట్టుకునేది అప్పుడే. విషం లోపలికి పోయిన 24 నుండి 96 గంటల మధ్య కొందరికి మెడ కండరాలు, వాటితోపాటే ఊపిరి తీసే కండరాలు పట్టు తప్పుతాయి. అందుకే నిద్రలో ఉన్నా లేపి, "తల దిండు మీదనుంచి ఎత్తు నాయనా" అంటాము. సాయంత్రం ఎత్తినవాడు తెల్లవారుజామున ఎత్తలేకపోతే ఆ క్షణమే డాక్టరుగారికి కబురు వెళ్తుంది, వెంటిలేటర్ సిద్ధమవుతుంది. అలా సమయానికి గొట్టం వేసిన మనిషి కొన్నాళ్ళకు తన కాళ్ళ మీద నడిచి గేటు దాటుతుంటే కలిగే సంతోషం జీతం కాగితం మీద ఉండదు.

పాము కరిచిన మనిషి దగ్గరా ఇంతే. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచుతాము. తర్వాత వంచి చూస్తే గడ్డకట్టిందా లేదా తెలుస్తుంది. గడ్డకట్టకపోతే రక్తపింజర విషం వంటిది ఎక్కినట్టు. కట్లపాము అయితే కాటు గుర్తు కూడా సరిగా కనబడకపోవచ్చు, కనురెప్పలు వాలిపోవడమే మొదటి సూచన. నిద్రమత్తు అనుకుని వదిలేస్తే అంతే సంగతులు.

నర్సింగ్‌కు తల్లి వంటి ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో రాసిన చిన్న పుస్తకంలో రోగిని గమనించడం గురించి ఒక అధ్యాయమే ఉంది. బొమ్మల్లో ఆమె చేతిలో దీపం వేస్తారు. ఆ దీపంతో ఆమె ఏం చూసేదో బొమ్మలో పట్టదు. మన తెలుగు దేశానికి వస్తే, 1883లో అమెరికా నుండి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1898లో అక్కడ ఆస్పత్రి తెరిచారు. అటువంటి మిషన్ ఆస్పత్రులలోనే ఎందరో తెలుగు ఆడపిల్లలు ఈ పని నేర్చుకున్నారు. పరాయివాళ్ళ ఒళ్ళు కడిగే పని ఆడపిల్లకెందుకు అని ఇంట్లో, వీధిలో అనిపించుకుంటూనే నేర్చుకున్నారు. ఆ మాట నా చదువు రోజుల్లోనూ పోలేదు. సంఘంలో మేము దీన్ని పరిచర్య అంటాము. మంచి సమరయుని కథలో గాయాలకు నూనె పోసి కట్టిన సంగతి అందరికీ గుర్తుంటుంది. అతడు ఆ రాత్రి సత్రంలో ఉండి గాయపడినవాణ్ణి చూసుకుని, మరునాడే డబ్బిచ్చి వెళ్ళాడు. నర్సుకు ఆ రాత్రి ముఖ్యం.

నాతో చదివినవారిలో గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారున్నారు. వారిని తప్పుపట్టను, పిల్లల ఫీజులు అందరికీ ఉంటాయి.

ఇక మీతో రెండు మూడు మాటలు. మందు తాగినవారిని తెచ్చేటప్పుడు ఆ ఖాళీ డబ్బా కూడా సంచిలో వేసి తెండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించకండి, ఆ కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మంచం దగ్గర నిలబడి "ఇజ్జత్ తీసినవ్" అని తిట్టకండి. అతనికి బతకాలనే ఆశ మళ్ళీ పుట్టవలసింది అక్కడే. ఇంటికి పోయాక మనసు మళ్ళీ కుంగితే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, డబ్బు అడగరు. ఈ రాత్రి మాత్రం సిస్టర్ తల ఎత్తమన్నప్పుడు మీరూ లేచి పక్కన నిలబడి చూడండి. అతని మెడ, మాట, ఊపిరి మాకంటే మీకు బాగా తెలుసు. కొంచెం తేడా అనిపించినా రౌండు వచ్చేదాకా ఆగకండి, వచ్చి మమ్మల్ని లేపండి.