వీడియో క్రీడలలో సంగీతం, ధ్వని



1919లో విశ్వకవి రవీంద్రుడు మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసినపుడు, ‘జనగణమన’ బాణీకి మార్గరెట్ కజిన్స్ స్వరలిపి సమకూర్చిన సంగతి మీరెరిగినదే. నేడు ఆ గీతాన్ని దేశమంతటా సుమారు 52 సెకన్లలో పాడి ముగిస్తారు. ఎవరు పాడినా దాని మొదలు తెలుసు, తుది తెలుసు. ఇక మరొక విధమైన సంగీతాన్ని ఊహించండి. అది ఎంతసేపు మ్రోగవలసి ఉంటుందో కూర్చిన వానికే తెలియదు. ఆటగాడు గోడ దూకితే ఒక రీతిగా, దూకలేక పడితే మరొక రీతిగా అది నడవాలి. వీడియో క్రీడలకు సంగీతం కూర్చేవారి చిక్కంతా ఇక్కడే ఉన్నది.

తొలి రోజులలో సంగీతమన్న మాటకే తావు లేదు. 1972లో అటారీ సంస్థ ‘పాంగ్’ అనే ఆటను రూపొందించినపుడు, ప్రేక్షకుల కేరింతలు వినిపించాలని యజమాని కోరాడట. యంత్రంలో అందుకు చోటు లేదు. ఇంజనీరు ఆలన్ ఆల్కార్న్ వెదకి వెదకి, తెరపై చిత్రాన్ని క్రమబద్ధం చేసే విద్యుద్వలయంలో అప్పటికే పుట్టుచున్న ఒక స్పందనను స్పీకరుకు కలిపాడు. బంతి తగిలినపుడల్లా వినవచ్చే ఆ చిన్న శబ్దం లేమిలో పుట్టినదే.

1978లో జపానులో వెలువడిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ మరొక అడుగు ముందుకు వేసినది. అందులో ఉన్నవి నాలుగే స్వరాలు. మందరంగా, అవరోహణలో మరల మరల మ్రోగుతాయి. శత్రువులు తగ్గుచున్న కొద్దీ మిగిలినవారి నడక వేగిరపడుతుంది, దానితో ఆ స్వరాల లయ కూడ వేగిరపడుతుంది. ఆడేవాని గుండె సైతం ఆ లయను అందుకొంటుంది. సంగీతం ఆటకు అలంకారంగా గాక, ఆటలో భాగంగా మారినది ఇక్కడనే అని నా అభిప్రాయం.

1983 నాటి నింటెండో యంత్రంలో ధ్వనికి అయిదు మార్గాలు మాత్రమే ఉండేవి. వానితోనే కోజీ కొండో 1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’కు బాణీలు కట్టాడు. గడువు తరిగిపోవుచున్నపుడు అదే బాణీ త్వరితగతిన సాగి ఆటగానిని హెచ్చరిస్తుంది. చిన్న బాణీ, వందసార్లు విన్నా విసుగు పుట్టరాదు. ఇది సులభమైన పని కాదు. మన ఖవ్వాలీ గాయకులను తలచుకొనండి: సభలో ఒక చరణానికి రసికులు చలించిపోతే, గాయకుడు ముందుకు పోక ఆ చరణాన్నే మరల మరల తిప్పి పాడతాడు. దానినే తక్రార్ అంటారు. ఎన్నిసార్లన్నది పాడేవాడు ముందుగా లెక్కపెట్టుకొన్నది కాదు, వినేవారు నిర్ణయించేది.

1994లో ప్లేస్టేషన్ వచ్చి, కాంపాక్ట్ డిస్కు వాడకంతో నిజమైన వాద్యబృందాల సంగీతం ఇంటింటికి చేరినది. నాదం సుసంపన్నమైనది, నిజమే. కాని ముందుగా ముద్రించిన పాట ఆటగాని మాట వినదు గదా! ఈ చిక్కును గ్రహించిన మైకేల్ లాండ్, పీటర్ మెక్కానెల్ అప్పటికే 1991లో లూకాస్ ఆర్ట్స్ సంస్థలో ఒక పద్ధతి రూపొందించి ఉన్నారు. ఆటగాడు ఒక తావు నుండి మరొక తావుకు పోయినపుడు, సంగీతం తెగిపోక, తగిన చోట మలుపు తిరిగి కొత్త బాణీలో కలిసేది. నేటి ఆటలలో ఒక్కొక్క వాద్యాన్ని వేరువేరుగా ముద్రించి, సన్నివేశాన్ని బట్టి పొరలుగా చేర్చుట, తీసివేయుట సామాన్యమైపోయినది.

ఇదంతా చదువుచున్నపుడు నాకు తోలుబొమ్మలాట గుర్తుకు వచ్చినది. వెలుగు నిండిన తెర, దానిపై కదిలే బొమ్మ, కదలికను కనిపెట్టి మ్రోగే వాద్యం. హార్మోనియం, మృదంగం, తాళాలతో పాటు, యుద్ధ ఘట్టాలలో ఆటగాళ్లు కాలి క్రింద చెక్క పలకలను టపటపమనిపిస్తారు. బొమ్మ దెబ్బ తినడము, పలక మ్రోగడము ఏకకాలంలో జరుగుతాయి. మనకు వాయవ్యంగా, ధర్మవరం చెంత నిమ్మలకుంటలో ఈ విద్య నేటికీ నిలిచి ఉన్నది. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది.

అదే 2020లో పూనాలోని ఒక బృందం ‘రాజీ’ అనే క్రీడను విడుదల చేసినది. అందులో కథ చెప్పే ఘట్టాలు నీడబొమ్మల పద్ధతిలో సాగుతాయి. సంగీతం సమకూర్చినవాడు మాత్రం గ్రీసు దేశీయుడు, లినోస్ జెలోస్. నేను దీనిని ఆక్షేపణగా చెప్పుట లేదు. మన పురాణకథకు గ్రీకు సంగీతజ్ఞుడు నాదం కూర్చుట సంతోషించదగినదే. అయినా ఆ పని చేయగల మనవాడు ఎక్కడ తయారవుచున్నాడు?

కుప్పంలో 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయం మనకు దూరం కాదు. జానపద విజ్ఞానం అక్కడ పాఠ్యాంశం. పుంగనూరు నుండి వచ్చే మన విద్యార్థులలో ఇంట పొట్టి ఆవు ఉన్నవారు దాని అంబారవాన్ని చేతిలోని ఫోనులోనే ముద్రించుకొనవచ్చు. పలక చప్పుడు, తాళాల మ్రోత, సంత కోలాహలం కూడ అట్లే. కళాశాల కమిటీ వారు ఒక మంచి మైక్రోఫోను, నిమ్మలకుంటకు ఒక రోజు ప్రయాణపు ఖర్చు మంజూరు చేసినచో, వెంట వచ్చుటకు నేను సిద్ధం.