అద్దెల బిల్డింగ్ కొంటున్నారా? బయానాకు ముందే ఇవి చూసుకోండి

హైదరాబాద్ శివార్లలో 150, 200 గజాల్లో కట్టిన జీ ప్లస్ టూ బిల్డింగులు చాలానే అమ్మకానికి వస్తుంటాయి. నాలుగైదు పోర్షన్లు, నెలనెలా అద్దె. తొలిసారి పెట్టుబడి పెట్టేవారికి ఫ్లాట్ కన్నా ఇదే మేలనిపిస్తుంది. అయితే ఇక్కడ కాగితాలు, కట్టడం, కిరాయిదారులు మూడింటినీ మీరే తేల్చుకోవాలి. అదీ బయానా ఇవ్వకముందే.

చేయవలసినవి

• కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించి లాయరుకు చూపించండి. డాక్యుమెంట్లు కుదువపెట్టి తెచ్చిన అప్పు ఒక్కోసారి ఈసీలో కనిపించదు. అందుకే జిరాక్సులతో సరిపెట్టుకోకుండా ఒరిజినల్స్ అడగండి.

• సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. చెరువు దగ్గరైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు చేరే మేర), దాని చుట్టూ ఉండే బఫర్ హద్దులు తేల్చుకోండి. 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఈ హద్దుల్లోని కట్టడాలు కూల్చిన సంగతి తెలిసిందే.

• మంజూరైన ప్లాను చేతిలో పట్టుకుని అంతస్తులు లెక్కపెట్టండి. ప్లానులో రెండంతస్తులుండి, పైన మూడోదీ పెంట్‌హౌసూ కనిపిస్తే ధర ప్లాను ప్రకారమే మాట్లాడండి. బ్యాంకు కూడా సాధారణంగా అలాగే విలువ కడుతుంది. ఆస్తి పన్ను రసీదు ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

• మెట్ల కింద కరెంటు మీటర్లు చూడండి. ఐదు పోర్షన్లకు మూడే మీటర్లుంటే ప్రతి నెలా బిల్లు పంపకం దగ్గర పంచాయితీ తప్పదు. పాత బకాయిలు లేవని రసీదులు తీసుకోండి. పై పోర్షన్‌లో వాటర్ ట్యాంకు కింది సీలింగ్‌ను పరిశీలించండి. కొత్త సున్నం ఆ ఒక్కచోటే ఉంటే అక్కడ నీరు కారుతోందేమోనని అనుమానించాల్సిందే.

• యజమాని పక్కన లేనప్పుడు కిరాయిదారులతో మాట్లాడండి. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, ఎండాకాలంలో బోరు పోస్తుందా, ట్యాంకర్ తెప్పిస్తారా అని అడగండి. రేపు ఖాళీ చేసేటప్పుడు ఆ అడ్వాన్సులు వాళ్లు మిమ్మల్నే అడుగుతారు. కాబట్టి వాటిని ధరలోంచి మినహాయించి, ఆ మాట అగ్రిమెంటులో రాయించండి.

• ధర రూ.50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టండి. అమ్మే మనిషి ఎన్నారై అయితే కోత చాలా ఎక్కువ. ముందే ఆడిటర్‌ను కలవండి.

చేయకూడనివి

• నోటరీ కాగితాలతో కొనకండి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) చేతికొస్తే ఇల్లు మీదైపోయిందనుకోకండి. యాజమాన్యం రిజిస్టర్డ్ సేల్ డీడ్‌తోనే వస్తుందని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అమెరికాలో ఉన్న అన్న తరఫున తమ్ముడు అమ్ముతుంటే, ఆ జీపీఏ ఇంకా చెల్లుతోందో లేదో అన్నతోనే నేరుగా మాట్లాడి తెలుసుకోండి.

• బయానా నగదుగా ఇవ్వకండి. స్థిరాస్తి అడ్వాన్సుగా రూ.20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. బేరం చెడితే మీరిచ్చినట్టు రుజువూ ఉండదు.

• టులెట్ బోర్డు మీది అద్దెను ఆదాయంగా లెక్కేయకండి. ఏడాదిలో ఒకటి రెండు నెలలు ఏదో ఒక పోర్షన్ ఖాళీగా ఉంటుంది. రంగులు, మోటారు, డ్రైనేజీ ఖర్చులు మీవే.

• అద్దెలతోనే ఈఎంఐ తీరిపోతుందన్న ధీమాతో అప్పు చేయకండి. కోటి రూపాయల అప్పు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు రూ.86,800 కట్టాలి. ఐదు పోర్షన్లు కలిపి రూ.55 వేలు వచ్చినా మిగతా రూ.31,800 మీ జీతంలోంచే పోతుంది. ఆ మొత్తం, పైన ఆరు నెలల ఈఎంఐకి సరిపడా నిల్వ చేతిలో లేకపోతే ఇంకా చిన్న బిల్డింగ్ చూసుకోండి, లేదా మరో ఏడాది ఆగండి.