పల్నాటి వీరగాథ – వెండితెర

చారిత్రక చలనచిత్రాన్ని చూసిన ప్రేక్షకుని మనస్సులో సహజంగా ఒక ప్రశ్న ఉదయిస్తుంది: ఇదంతా నిజంగా జరిగిందా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి పల్నాటి వీరగాథ చక్కని ఉదాహరణ. జరిగిన సంఘటన, చెప్పిన గాథ, చూపిన చిత్రం – ఈ మూడూ ఒకటి కావు. వీటి మధ్య గల భేదాన్ని గ్రహించడమే ఈ పాఠం ఉద్దేశం.

పల్నాటి యుద్ధం 12వ శతాబ్దపు ఉత్తరార్ధంలో జరిగింది. గురజాలను పాలించిన నలగామరాజు, మాచర్లను పాలించిన మలిదేవరాజు సవతి సోదరులు. నలగామునికి నాగమ్మ, మలిదేవునికి బ్రహ్మనాయుడు మంత్రులు. కోడిపందెంలో ఓడిన మలిదేవుని పక్షం పందెం ప్రకారం రాజ్యం విడిచి వెళ్లింది. గడువు ముగిసిన పిదప తమ భాగాన్ని తిరిగి కోరగా నలగాముడు నిరాకరించాడు. ఫలితంగా నాగులేటి ఒడ్డున కారెంపూడిలో దాయాదుల పోరు సంభవించింది. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు ఆ రణంలో నేలకొరిగాడు.

ఈ కథను మొదట భద్రపరచినది గాయకుల కంఠం. వీరవిద్యావంతులు తరతరాలుగా దీనిని గానం చేశారు. యుద్ధం జరిగిన రెండు శతాబ్దాలకు పైగా గడచిన తరువాత శ్రీనాథుడు దీనిని ద్విపద కావ్యంగా రచించాడని సాహిత్య సంప్రదాయం చెబుతున్నది. ఆ కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో ప్రచురించారు. అలిశెట్టి గాలెయ్య గానం చేసిన వీరుల కథను అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్ ఆంగ్లంలోకి అనువదించి, 1982లో గ్రంథంగా వెలువరించారు. కాబట్టి మనకు లభించినది యుద్ధభూమిలో నిలిచి వ్రాసిన దినచర్య కాదు. వీరులను దైవాలుగా కొలిచే సమాజం నిలుపుకొన్న స్మృతి.

ఆ స్మృతి నుండి చలనచిత్రం తనకు కావలసినది ఎన్నుకొన్నది. ‘పల్నాటి యుద్ధం’ చిత్రాన్ని గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించారు. 1946లో ఆయన మరణించగా ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశారు. 1947లో అది విడుదలైంది. అందులో గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయునిగా, కన్నాంబ నాగమ్మగా, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రునిగా నటించారు. రామబ్రహ్మం అంతకుముందు 1938లో అస్పృశ్యతను ఖండిస్తూ ‘మాలపిల్ల’ తీసిన దర్శకుడు. కులభేదం లేకుండా అందరినీ ఒకే చాపపై కూర్చోబెట్టి భోజనం పెట్టిన ‘చాపకూడు’, మాల కులస్థుడైన కన్నమదాసు సేనానిగా నిలవడం – ఇటువంటి ఘట్టాలున్న గాథ ఆయనను ఆకర్షించడంలో ఆశ్చర్యం లేదు. ప్రతి తరమూ తన కాలపు ప్రశ్నలతోనే గతాన్ని పలకరిస్తుంది.

1966లో గుత్తా రామినీడు దర్శకత్వంలో అదే పేరుతో మరొక చిత్రం వచ్చింది. ఎన్.టి. రామారావు బ్రహ్మనాయునిగా, భానుమతి నాగమ్మగా నటించారు. 2003 నాటి ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ మాత్రం పేరును గ్రహించి, ఆధునిక కాలపు కథను చెప్పిన చిత్రం. ఒక పేరు ఎనిమిది శతాబ్దాల తరువాత కూడ జనాన్ని ఆకర్షించగలగడం గమనార్హం.

ఇక్కడ అందరికంటె ఎక్కువగా ఆలోచింపజేసే వ్యక్తి నాగమ్మ. జిట్టగామాలపాడు గ్రామంలో పెరిగి, బాల్యంలోనే వైధవ్యం పొంది, రాజ్యతంత్రాన్ని నడిపే స్థాయికి ఎదిగిన స్త్రీగా గాథ ఆమెను వర్ణిస్తుంది. ఆ కాలంలో అది అసామాన్య విషయం. అయితే రెండున్నర గంటల చిత్రానికి ఒక నాయకుడు, ఒక ప్రతినాయకుడు అవసరం. బ్రహ్మనాయుడు ధర్మమూర్తి అయితే నాగమ్మ కుతంత్రానికి ప్రతిరూపం కావలసి వస్తుంది. కోడిపందెం ఆడినది ఇరుపక్షాలవారూ. రాజ్యం పంచి ఇవ్వడానికి నిరాకరించినవాడు నలగాముడు. అయినను నింద మాత్రం ఆమె తలపైనే మిగిలింది. ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ గాథపై రచించిన నాటకానికి ‘నాయకురాలు’ అని పేరుంచడం ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది. ఒకే కథకు మధ్యలో ఎవరిని నిలిపితే దాని అర్థం ఆ వైపు మొగ్గుతుంది.

అట్లని చిత్రాలను అసత్యాలని త్రోసివేయరాదు. చదువురాని వారికి సైతం అవి తమ నేల కథను చేరవేశాయి. కాని తెరపై కన్పించిన రూపమే తుది తీర్పు అని భావించిన క్షణంలో, ఎన్నడో జీవించిన మనుషులకు మనం అన్యాయం చేసినవారమవుతాము. వారు తిరిగి వచ్చి తమ పక్షం వినిపించలేరు గదా!

2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఆ జిల్లాలోని కారెంపూడిలో కార్తిక మాసంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఐదు రోజులు ఆ గాథ మళ్లీ కండ్లకు కడుతుంది. ఆచారవంతులు వీరుల ఆయుధాలను భక్తితో మోసుకొని వస్తారు. చిత్రాన్ని చూసిన విద్యార్థి కావ్యాన్ని చదవాలి, గానాన్ని వినాలి, ఆ నేలను దర్శించాలి. అప్పుడే ఆ ప్రశ్నకు తనదైన సమాధానం చెప్పగలడు.

ప్రశ్నలు
1. సంఘటన, గాథ, చిత్రం – వీటి మధ్య గల భేదాలను సోదాహరణంగా వివరించండి.
2. ‘చాపకూడు’ విశిష్టతను తెలపండి.
3. నాగమ్మ పాత్రపై మీ అభిప్రాయాన్ని సకారణంగా వ్రాయండి.