లక్ష పెట్టే ముందు మూత తెరిచి చూడండమ్మా

చెల్లెళ్లూ, ఈఏపీసెట్ సీట్లు తేలాయంటే చాలు, ఇంట్లో ల్యాప్‌టాప్ మాట మొదలవుతుంది. పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో చేరే పిల్లైనా, ప్రొద్దుటూరు వైఎస్సార్ ఇంజినీరింగ్ కాలేజీకి పోయే పిల్లోడైనా "అమ్మా, కొంటే మంచిదే కొనాల" అంటారు. ఆ మంచిది ఇప్పుడు లక్షకు అటూ ఇటూ. చీటీ పాడిన డబ్బో, పత్తి అమ్మిన డబ్బో అంత తీసేటప్పుడు నిదానంగా చూసి కొనాలి కదమ్మా.

ప్రొద్దుటూరు బంగారం అంగట్లో మనం ఎంత గట్టిగా ఉంటామో మీకు తెలుసు. మెరుపు చూసి డబ్బు తీయం. హాల్‌మార్క్ చూస్తాం, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ అడుగుతాం, తరుగు దగ్గర బేరం ఆడతాం. ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పేరు వినగానే తలూపేస్తాం. ఒకే పేరుతో అమ్మే మెషిన్లలో ఒకదానికి 8 జీబీ ర్యామ్, ఇంకోదానికి 16 ఉంటుంది. స్క్రీన్ కూడా వేరే ఉండొచ్చు. అందుకే పెట్టె మీదున్న పూర్తి మోడల్ నంబరు రాసుకుని, అదే నంబరుకు నాలుగు చోట్ల రేటు అడగండి.

పిల్లలు ఎక్కువగా అడిగేది మ్యాక్‌బుక్ ఎయిర్. ఎం4 చిప్ ఉన్న 13 అంగుళాల ఎయిర్ 2025 మార్చిలో మన దేశంలో 99,900 రూపాయలకు వచ్చింది. 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ, బరువు 1.24 కిలోలు. స్టోరేజీ 512 కావాలంటే అప్పట్లో ఇంకో 20,000 అడిగారు. స్టోరేజీకి అట్లా ఎక్కువ పెట్టొద్దంటాను నేను, అంతకంటే చాలా తక్కువకే బయట పెట్టుకునే ఎస్ఎస్‌డీ దొరుకుతుంది. ర్యామ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. అది చిప్‌తోనే కలిపి అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం.

అయితే కొనేముందు పిల్లది ఏ బ్రాంచో చూడండి. కంప్యూటర్ సైన్సుకు ఎయిర్ హాయిగా సరిపోతుంది. మెకానికల్‌లో వాడే సాలిడ్‌వర్క్స్, సివిల్‌లో వాడే స్టాడ్ ప్రో విండోస్ మీదే నడుస్తాయి. ఈసీఈ పిల్లలు వాడే వివాడో సాఫ్ట్‌వేరుకు మ్యాక్ వెర్షనే లేదు. లక్ష పోసి కొన్న మెషిన్ మీద ల్యాబ్ పని జరగకపోతే ఆ పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది?

విండోస్‌లో పై వరసలో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ ఉంది. కార్బన్ ఫైబర్ మూత, మంచి కీబోర్డు, ప్రొజెక్టరుకు నేరుగా తగిలించే హెచ్‌డీఎంఐ. కాని రేటు లక్షన్నర పైమాటే, చదువుకునే పిల్లకు అంత అక్కర్లేదు. అదే ఇంట్లోది థింక్‌ప్యాడ్ టీ14 చూడండి. టీ14 ఐదో తరం (జెన్ 5) ఇంటెల్ మోడల్‌లో ర్యామ్ పెంచుకునే స్లాట్లు రెండున్నాయి. డెల్ ఎక్స్‌పీఎస్ 13 అల్యూమినియం ఒళ్లు చూడముచ్చటగా ఉంటుంది. కాని 2024 మోడల్‌కు ఉన్నవి రెండు టైప్-సీ పోర్టులే, పై వరస ఫంక్షన్ కీలు కూడా అద్దం మీద తాకేవి. సెమినార్ రోజు అడాప్టర్ మర్చిపోతే అంతే.

అంగట్లో ఇట్లా చూడండి. మెషిన్‌ను బల్ల మీద పెట్టి ఒక్క వేలితో మూత ఎత్తండి. అడుగు భాగం పైకి లేవకుండా మూత ఒక్కటే రావాలి. కీబోర్డు నడిమధ్య బొటనవేలితో నొక్కండి, లోపలికి గుంట పడకూడదు. తెరను 45 డిగ్రీల దగ్గర వదిలితే అక్కడే నిలవాలి, ఊగకూడదు. తర్వాత విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ తెరవండి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ర్యామ్ అతికించినదన్నమాట. ఇవన్నీ చూడనీయని అంగడైతే ఇంకో అంగడికి పోదాం.

మన ఎండల సంగతి అంగడివాళ్లు చెప్పరు. మ్యాక్‌బుక్‌ను 10 నుంచి 35 డిగ్రీల వేడిలో వాడాలని యాపిలే రాసింది. ఏప్రిల్, మే నెలల్లో మన కడప జిల్లాలో 40 దాటడం మామూలే. ఎయిర్‌కు ఫ్యాన్ లేదు కాబట్టి దుమ్ము పీల్చదు, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ములో, నాపరాళ్ల పొడిలో ఉండేవాళ్లకు అది మేలే. కాని మిట్టమధ్యాహ్నం బరువు పని పెడితే చల్లబడే దారి లేక వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్ ఉన్నవి ఆ పని లాగుతాయి గాని, అప్పుడప్పుడు దుమ్ము దులిపించాలి. ఏదైనా సరే, పరుపు మీద పెట్టి వాడనీయకండి.

నా మాట అడిగితే సీఎస్ఈ పిల్లకు 16 జీబీ ఎయిర్, మిగతా బ్రాంచీలకు మూడేళ్ల ఆన్‌సైట్ (ఇంటికొచ్చి బాగుచేసే) వారంటీతో టీ14 లాంటిది. ఆ ఆన్‌సైట్ మన ఊరికి వర్తిస్తుందో లేదో కంపెనీకి పిన్‌కోడ్ చెప్పి అడగండి: ప్రొద్దుటూరు 516360, జమ్మలమడుగు 516434, పులివెందుల 516390. జవాబు కాగితం మీదో మెయిల్‌లోనో తీసుకోండి. బిల్లు మీద పూర్తి మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకోకుండా మాత్రం అంగడి మెట్లు దిగొద్దమ్మా.