ఖరీదైన పికప్ కొనేముందు: సేద్యం, సరకు బళ్లు నేర్పిన తొమ్మిది పాఠాలు

మా గుంటూరు, పల్నాడు పల్లెల్లో మిర్చికి ధర పలికిన ఏడాది ఇళ్ల ముందు కొత్త బళ్లు కనిపిస్తాయి. ఒకప్పుడు ట్రాక్టరు వచ్చేది, ఆ తర్వాత బొలెరో, ఆ తర్వాత ఇన్నోవా. ఇప్పుడు కుర్రవాళ్ల చూపు పెద్ద పికప్‌ల మీద పడింది. 2016లో ఇసుజు కంపెనీ మన శ్రీసిటీలోనే ఫ్యాక్టరీ తెరిచి డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 2022లో టయోటా హైలక్స్ వచ్చింది. ముందు అయిదుగురు కూర్చునే క్యాబిన్, వెనక సరకు వేసుకునే ట్రాలీ, నాలుగు చక్రాలూ లాగే బలం. చూడ్డానికి నిజంగా నిండైన బళ్లే.

కొనాలనుకునే ప్రతి కుర్రాడూ చెప్పే మాట ఒకటే: "పొలానికీ పనికొస్తుంది, ఇంటికీ పనికొస్తుంది." మిర్చి, వరి పండించినవాణ్ణి, సరకు బళ్లు తిప్పినవాణ్ణి కాబట్టి ఆ మాటలో ఎంత నిజముందో నాకు తెలిసినంత చెబుతాను. షోరూములో సంతకం పెట్టేముందు ఒక్కసారి చదవండి.

1. ముందు పని రాసుకోండి, తర్వాత బండి చూడండి

పోయిన ఏడాది మీ ఇంట్లో బండి అవసరమైన పనులన్నీ నెలలవారీగా ఒక నోటుపుస్తకంలో రాయండి. అవి మూడు రకాలుగా విడిపోతాయి. మొదటిది రోజువారీ పని: పురుగుమందు డబ్బాలు తేవడం, కూలీలకు అన్నం క్యారియర్లు పంపడం, మోటారు కాలితే మెకానిక్కును తీసుకురావడం. దీనికి మోటారు సైకిలు చాలు. రెండోది కోతల తర్వాత వచ్చే భారీ పని: యార్డుకు మిర్చి, మిల్లుకు ధాన్యం తోలడం. దీనికి ట్రాక్టరో, బొలెరో ట్రాలీనో, అంతకు మించితే లారీయో కావాలి. ఈ రెంటి మధ్యలో మూడో రకం ఉంది. నలుగురు మనుషులు, వాళ్లతోపాటు డ్రిప్ పైపులు, మోటారు, నాలుగైదు ఎరువుల బస్తాలు, అన్నీ కలిసి దారి సరిగా లేని చోటికి ఒకేసారి వెళ్లాల్సిన పని.

డబుల్ క్యాబిన్ పికప్ పుట్టింది ఈ మూడో రకం పని కోసమే. మీ పుస్తకంలో అలాంటి పని వారం వారం కనిపిస్తే పికప్ గురించి ఆలోచించండి. ఏడాదికి నాలుగుసార్లే కనిపిస్తే ఆ నాలుగుసార్లకూ ఇంకో దారి ఉంది.

2. మోతను కాగితంలో చూడండి

పెద్ద బండి పెద్ద బరువు మోస్తుందని అందరూ అనుకుంటారు. ఈ బళ్ల విషయంలో అది నిజం కాదు. ఆర్‌సీలో అన్‌లేడెన్ వెయిట్, గ్రాస్ వెహికల్ వెయిట్ అని రెండు అంకెలు ఉంటాయి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే బండి మోయదగిన బరువు. డ్రైవరూ, పక్కన కూర్చున్నవాళ్లూ కూడా ఆ బరువులోకే వస్తారు.

మిగిలింది అర టన్ను అనుకుందాం. మనిషికి 70 కిలోల చొప్పున అయిదుగురు కూర్చుంటే 350 కిలోలు అయిపోయాయి. ఇంక మిగిలిన 150 కిలోలకు 45 కిలోల యూరియా బస్తాలు మూడే పడతాయి. ఇద్దరే వెళ్లినా 75 కిలోల ధాన్యం బస్తాలు నాలుగు దాటి వేయకూడదు. అదే మహీంద్రా బొలెరో పికప్‌లో 1.7 టన్నులు మోసే రకం ఉంది. టాటా యోధా 2.0 రెండు టన్నులు మోస్తుంది. వీటి ధర హైలక్స్ ధరలో మూడో వంతు ఉంటుంది. మిర్చి టిక్కీలకైతే, అంటే ఎండుమిర్చి బస్తాలకైతే, బరువు కంటే ముందు చోటే చాలదు. అయిదడుగుల ట్రాలీలో అడుగు వరస పేర్చేసరికే చోటు అయిపోతుంది.

కాబట్టి సరకు కోసమే కొంటున్నామని మీకు మీరు చెప్పుకోకండి. సరకు కోసమే అయితే ఇంతకంటే తక్కువ డబ్బుకు ఇంతకు మూడింతలు మోసే బళ్లు ఉన్నాయి.

3. కోతల రోజుల్లో బాడుగ బండే మేలు

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు యార్డు దగ్గర బళ్ల వరస ఎంత పొడుగుంటుందో చూసినవాళ్లకు తెలుసు. లోపలికి వెళ్లేదాకా నిలబడాలి, కాటా అయ్యేదాకా నిలబడాలి. బాడుగ డ్రైవరుకు అది రోజూ చేసే పని. ఏ గేటు, ఏ కొట్టు, ఏ హమాలీ మేస్త్రీ అన్నది అతనికి నోటికి వచ్చు. రాత్రంతా బండిలోనే పడుకుని తెల్లారేసరికి సరకు దించి వస్తాడు. హమాలీ కొక్కెం తగిలి బాడీ గీసుకుపోయినా అతను పట్టించుకోడు. ముప్ఫై అయిదు లక్షల బండి యజమాని మాత్రం ప్రతి టిక్కీ దగ్గరా కాపలా నిలబడతాడు.

ఇంకో సంగతి. తెల్ల నంబరు ప్లేటు బండిలో బాడుగకు సరకు తోలకూడదు. "ఖాళీగా ఉన్నప్పుడు పక్కవాళ్ల సరకు వేసుకుంటే వాయిదా గడిచిపోతుంది" అని లెక్కలేసేవాళ్లు ఉన్నారు. అలాంటి ప్రయాణంలో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. ఆ లెక్కను మొదట్లోనే కొట్టేయండి.

4. వాయిదాను క్వింటాళ్లలో కొలవండి

షోరూములో నెలకు ఇంత అని చెబుతారు. రైతు దాన్ని పంటలోకి మార్చుకుని చూడాలి. 30 లక్షల అప్పు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అయితే నెల వాయిదా దాదాపు 49 వేలు. ఏడాదికి 5 లక్షల 88 వేలు. ఏడేళ్లలో మొత్తం కట్టేది 41 లక్షలు.

2023లో గుంటూరు యార్డులో మిర్చి క్వింటాలు 20 వేలు దాటి పలికింది. ఆ ధరకు ఏడాది వాయిదాలకు 30 క్వింటాళ్ల కాయ సరిపోతుంది. 2025 ఫిబ్రవరి నాటికి ధర పడిపోయి, క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున కేంద్రం మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఆ ధరకైతే అవే వాయిదాలకు 50 క్వింటాళ్లు కావాలి. ఎకరాకు 20, 25 క్వింటాళ్లు పండే రైతుకు అది రెండెకరాల మొత్తం దిగుబడి. అందులో విత్తనం, మందులు, కోత కూలి, కౌలు ఇంకా తీయనేలేదు.

పంట డబ్బు ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తుంది, వాయిదా మాత్రం ప్రతి నెలా వస్తుంది. మంచి ధర చూసిన ఏడాది మొదలుపెట్టిన అప్పును చెడ్డ ధర ఏళ్లలో తీర్చాలి. పడిపోయిన ధరతో లెక్కవేసినా నిలబడగలమనిపిస్తేనే అప్పు చేయండి. పొలం కాగితాలు తాకట్టు పెట్టి మాత్రం ఏ బండీ కొనకండి.

5. కొన్నాక మొదలయ్యే ఖర్చు చిన్నది కాదు

20 లక్షలు దాటిన సొంత బండికి ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా లైఫ్ ట్యాక్స్ 18 శాతానికి తగ్గదు. దాని మీద బీమా. రెండు టన్నుల బండి కాబట్టి లీటరు డీజిలుకు 10, 12 కిలోమీటర్లు వస్తే మంచి మైలేజీ కిందే లెక్క. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే డీజిలుకే 13 వేల దాకా అవుతుంది. పద్దెనిమిది అంగుళాల టైర్లు నాలుగూ మారిస్తే అర లక్ష దాటుతుంది.

సర్వీసు సంగతి ఇంకా ముఖ్యం. బొలెరో ఆగిపోతే ప్రతి మండల కేంద్రంలోనూ చేయి పెట్టగల మెకానిక్ ఉన్నాడు, పార్టు ఆ సాయంత్రానికే దొరుకుతుంది. పెద్ద పికప్‌ను జిల్లా దాటించి తీసుకెళ్లాల్సి రావచ్చు. ఇలాంటి బళ్లు మన దేశానికి కొత్తవి కూడా కావు. మహీంద్రా స్కార్పియో గెట్‌అవే వచ్చింది, టాటా జెనాన్ వచ్చింది, రెండూ ఆగిపోయాయి. కొనేవాళ్లు తక్కువగా ఉన్న మోడల్ ఎన్నాళ్లు నడుస్తుందో, దాన్ని మళ్లీ అమ్మాలంటే ఎవరు కొంటారో ముందే అడిగి తెలుసుకోండి.

6. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా నల్లరేగడితో పందెం వద్దు

ఈ బళ్లకు నాలుగు చక్రాల లాగుడు నిజమైన బలం. ఇసుకలో, వాగు గట్టెక్కేటప్పుడు, రాళ్ల ఘాట్‌లో దాని విలువ తెలుస్తుంది. పెద్ద వాన కురిసిన నల్లరేగడి డొంకలో మాత్రం అదొక్కటీ కాపాడదు. జిగట మట్టి టైరు గాళ్లన్నీ నింపేసి చక్రాన్ని నున్నగా చేసేస్తుంది. తర్వాత ఎన్ని చక్రాలు తిరిగినా బండి ఉన్నచోటే దిగబడుతుంది. చివరికి లాగేది పక్క పొలంలోని ట్రాక్టరే.

ఫోర్ వీల్ వాడకంలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడపకూడదు. మలుపుల్లో ముందు, వెనక చక్రాలు వేరువేరు వేగంతో తిరగాలి, ఆ వీలు లేక గేరు పెట్టె మీద ఒత్తిడి పడుతుంది. ఫోర్ వీల్ లో రేంజి గేరును బండి ఆపాకే వేయాలి. ట్రాలీ ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాల మీద బరువుండదు కాబట్టి తడి రోడ్డు మలుపులో వెనక భాగం పక్కకు జారుతుంది. వానలో వేగం తగ్గించండి.

7. వెనక సీట్లో మీ అమ్మగారిని కూర్చోబెట్టి చూడండి

ఇంటికి కూడా పనికొస్తుందన్న మాటను తేల్చాల్సింది నడిపేవాడు కాదు, వెనక కూర్చునేవాళ్లు. ఈ బళ్లకు వెనకవైపు లారీలకు ఉన్నట్టే కమాను పట్టీలు ఉంటాయి. అవి బరువు మీద నెమ్మదిగా ఉంటాయి, ఖాళీగా ఉంటే ఎగరేస్తాయి. వెనక సీటు వీపు కాస్త నిటారుగా ఉంటుంది. ఎక్కడానికి మెట్టు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తిరుపతి దాకా తీసుకెళ్లేముందు టెస్ట్ డ్రైవ్‌లో వాళ్లను వెంటబెట్టుకుని గతుకుల రోడ్డు మీద ఒక గంట తిప్పండి.

హైలక్స్ పొడవు 5.3 మీటర్ల పైమాటే, ఫార్చ్యూనర్ కంటే అరమీటరు ఎక్కువ. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్ పార్కింగులో దాని మూతి బయటికి వస్తుంది. సామాను వేసే ట్రాలీకి కప్పు ఉండదు. వానొస్తే పెట్టెలు తడుస్తాయి, హోటల్ ముందు ఆపితే కాపలా ఉండాలి. పైన కవరు బిగించాలంటే కంపెనీ ఆమోదించినదే బిగించండి. బండి ఆకారాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. ముందు బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. అవి ఎయిర్‌బ్యాగులు సరైన సమయానికి తెరుచుకోకుండా అడ్డుపడగలవు, బండి గుద్దిన మనిషికి దెబ్బ పెంచుతాయి.

8. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకండి

ఈ పాఠం అన్నిటికంటే పెద్దది. కోతల కాలంలో కూలీలను సరకు బళ్లలో నిలబెట్టి తీసుకెళ్లడం మన దగ్గర అలవాటైపోయింది. ఆ బళ్లు బోల్తా పడి ఆడకూలీలు చనిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ట్రాలీలో బెల్టు లేదు, పట్టుకోను ఆధారం లేదు. గట్టిగా బ్రేకు వేస్తే మనిషి రోడ్డు మీద పడతాడు. సరకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకు బీమా కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదని 2002లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అంటే కూలికి వచ్చిన మనిషి పోతే ఆ కుటుంబానికి బీమా డబ్బు రాకపోవచ్చు, భారం బండి యజమాని మీద పడుతుంది.

పికప్ మీ ఇంటికి వస్తే మొదటి రోజే ఇంటిల్లిపాదికీ చెప్పండి. క్యాబిన్‌లో అయిదుగురు, ట్రాలీలో సరకు, అంతే. మిగతా కూలీలకు ఆటో మాట్లాడండి. ఆ ఖర్చు పంట ఖర్చులో భాగమే.

9. కొనదగినవాళ్లూ ఉన్నారు

ఇంత చెప్పాక ఈ బళ్లు పనికిరానివి అంటే అన్యాయం. పాడేరు, అరకు కొండల్లో కాఫీ తోటలు చూసుకునేవాళ్లకు, ఊరికి దూరంగా క్వారీలు, సోలార్ ప్లాంట్లు, టవర్ల పనులు చేయించేవాళ్లకు, నలుగురు పనివాళ్లూ పనిముట్లూ రోజూ ఒకే బండిలో గట్టు దారిన వెళ్లాల్సినవాళ్లకు ఇవి డబ్బుకు తగిన బళ్లు. ఆదాయానికి లెక్కలు రాసి పన్ను కట్టే వ్యాపారికి అరుగుదల రాయితీ కూడా కలిసొస్తుంది. సేద్యపు ఆదాయానికి పన్నే లేదు కాబట్టి ఒట్టి రైతుకు ఆ కలిసొచ్చేది ఉండదు. అప్పు లేకుండా, పొలం కదలకుండా, పిల్లల చదువుల డబ్బు తాకకుండా ఇష్టంకొద్దీ కొనుక్కోగలిగినవాళ్లూ ఉంటారు. ఇష్టానికి కొంటున్నాం అని ఇంట్లో చెప్పి కొనండి. అందులో తప్పేమీ లేదు. పొలం పేరు చెప్పి మాత్రం కొనవద్దు.

నా తీర్పు ఇది. పదెకరాల లోపు సేద్యం, ఊళ్లో ఇల్లు, అప్పుడప్పుడూ పట్నం ప్రయాణం ఉన్న కుటుంబానికి ఖరీదైన పికప్ గిట్టుబాటు కాదు. ఆ డబ్బులో మూడో వంతుతో మంచి సరకు బండి వస్తుంది, ఇంకో మూడో వంతుతో ఇల్లంతా సుఖంగా తిరిగే కారు వస్తుంది, మిగిలింది బోరుకో, డ్రిప్పుకో, కల్లం మీద టార్పాలిన్లకో, చెడ్డ ఏడాదికో ఉంటుంది. కొనాలన్న కోరిక బలంగా ఉన్నవాళ్లు ఒక్క పంట కాలం ఆగండి. ఆ ఆరు నెలలూ పనుల పుస్తకం రాయండి, పికప్ కావాల్సిన రోజుల్లో బాడుగకు తెచ్చుకోండి. పంట చేతికొచ్చాక పుస్తకం ముందు పెట్టుకుని ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి.