తొలి సంపాదన – విడిచిన వ్యాసంగము



ఈ సంచికలో మీ వాచకములందు లేని యొక విషయమును పాఠముగా ఎత్తుకొనుచున్నాను. తొమ్మిదవ తరగతి దాటినపిదప మన బడి పిల్లలలో పలువురు సాయంకాలము ఏదో యొక పనికి పోవుదురు. కొందరు ఇంటనే మగ్గము ప్రక్కన కూర్చుండి కండెలు చుట్టుదురు. కొందరు చద్దరుల దుకాణములలో చీటీలు వ్రాయుదురు. కొందరు టవళ్లు మడతలు పెట్టి కట్టలు కట్టుదురు. పని మొదలైన రెండు మూడు నెలలకే వారి చేతినుండి మరి యొకటి జారిపోవుచుండుట నేను గమనించుచున్నాను. బొమ్మలు గీయువాడు కుంచె మూలబెట్టును. హార్మోనియము నేర్చు పిల్ల పాఠమునకు పోవుట మానును. పరీక్ష తప్పినచో ఇల్లంతయు కదలును గాని, ఇట్టిది తప్పినచో ఎవరికిని పట్టదు. సంపాదనకు దిగినవారు తమ అభిరుచిని విడువవలెనా? విడిచినచో ఎంత విడువవలెను? ఎవరు నిర్ణయింపవలెను? ఇదియే నేటి పాఠము.

తెలుగు పంతులును గనుక మొదట మాటలను చూతును. ఆంగ్లమున హాబీ అను పదము కొయ్యగుర్రము పేరునుండి వచ్చినది. పిల్లలెక్కి ఆడుకొను గుర్రమును హాబీ హార్సు అందురు. దానిపై ఎంత సవారి చేసినను ఊరు చేరము; ఎక్కినవాని సంతోషమే దాని ప్రయోజనము. మనము దీనిని వ్యాపకమనియు, వ్యాసంగమనియు, అభిరుచి యనియు పిలుచుచున్నాము. వ్యాసంగమను మాటలో ‘సంగము’ కలదు. మనస్సు ఒకదానికి గట్టిగా అంటుకొనుట అని దాని భావము. వ్యసనము వేరు ధాతువునుండి పుట్టిన మాట. చెవికి రెండును దగ్గరగా నుండుటచేత కాబోలు, పెద్దలు ఒక్కొక్కప్పుడు రెంటిని ఒకే గాటన కట్టుదురు. పత్తాల పేకకును పటము గీయుటకును ఒకే తిట్టు వినబడు ఇండ్లు మన పేటలలో లేకపోలేదు.

ఇంకను రెండు మాటలు కలవు. తాను గడించినది స్వార్జితము. తనకు తానే ఊతయగుట స్వావలంబనము. తల్లి వండిన అన్నము తిని, తండ్రి అద్దె కట్టు ఇంట పరుండి, నెలకు రెండువేలు తెచ్చు బాలుడు స్వార్జితము కలవాడే గాని ఇంకను స్వావలంబి కాడు. ఇది తక్కువతనము కాదు, మొదటి మెట్టు. అయితే మొదటి మెట్టుననే ‘నేను పెద్దవాడనైతిని, ఇక ఆటపాటలు నాకేల’ అని సమస్తమును వదలుకొనుట తొందరపాటు.

ఇక ఒక చరిత్ర చెప్పెదను. ఆండ్రూ కార్నెగీ పేరు మీలో కొందరు వినియుందురు. అతడు కోటీశ్వరుడైన కథ ఇక్కడ మనకు అక్కరలేదు; పదమూడవ ఏటి కథ మాత్రమే కావలెను. అతడు 1835లో స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లిన్ పట్టణమున చేనేతవాని ఇంట పుట్టెను. తండ్రి నారనూలుతో పూలపూల బట్టలు నేయువాడు. ఆవిరి మగ్గములు వచ్చి చేమగ్గముల పని పోయెను. మన సోలాపురమున ఈ మాట ఎవరికిని విడమరచి చెప్పనక్కరలేదు. మన తాతలలో పలువురు నేత పనిని వెదకికొనుచునే తెలంగాణమునుండి ఈ యూరు చేరినారు.

ఆ బాలునికి పావురములును కుందేళ్లును పెంచుట ప్రాణము. తండ్రి వానికి గూడు కట్టి ఇచ్చెను. కుందేళ్లకు మేత తెచ్చుట ఒక్కనివలన కాకపోగా, అతడు తోడి పిల్లలతో నొక ఒప్పందము చేసికొనెను. ఎవరు మేత కోసి తెత్తురో వారి పేరు ఒక కుందేటి కూనకు పెట్టబడును. పిల్లలు సెలవుదినములంతయు మేత ఏరుచుండిరి. పదిమందిని కూడగట్టి పని నడుపు నేర్పు తనకున్నదని మొదట తెలిసినది ఆ కుందేళ్లవలననే యని అతడు ముసలితనమున తన చరిత్రలో వ్రాసికొనెను.

1848లో ఆ కుటుంబము అప్పు చేసి అమెరికాకు వలసపోయెను. వలసపోవు ఇంటివెంట పావురముల గూడు రాదు గదా! పిట్స్‌బర్గు ప్రక్కనున్న అలిఘెనీలో తండ్రి నూలు మిల్లున చేరెను. తల్లి ఇంటనుండియే చెప్పులు కుట్టి కూలి తెచ్చెను. ఆండ్రూ అదే మిల్లున కండెల కుర్రవాడుగా కుదిరెను. వారమునకు కూలి ఒక డాలరు ఇరువది సెంట్లు. చలికాలమున చీకటితో పోయి చీకటితో వచ్చువాడు. తరువాత కోట్లు చేతికి వచ్చినను ఆ మొదటి వారపు కూలి ఇచ్చినంత సంతోషము ఇయ్యలేదని అతడే చెప్పెను. ఇంటి బరువులో తన భుజమును కలదని తెలిసిన సంతోషము అది. పిమ్మట మరియొక కార్ఖానాలో రెండు డాలర్లకు కుదిరి, నేలమాళిగలో ఆవిరియంత్రము కనిపెట్టుచు, కండెలను నూనెలో ముంచెను. ఆ నూనె వాసనకు కడుపులో త్రిప్పుచుండెడిది. ఆ చలికాలపు రాత్రులందే స్నేహితులతో కూడి పట్టణమునకు పోయి జమాఖర్చుల పద్దు వ్రాయుట నేర్చుకొనెను.

1849లో తంతి కార్యాలయమున వార్తలు మోయు కుర్రవాడైనపుడు జరిగిన ముచ్చట తలిదండ్రులును చదువదగినది. అప్పుడు నెలజీతము పదకొండు డాలర్ల ఇరువదియైదు సెంట్లు. ఒక నెల పెద్ద ఉద్యోగి అతని పని మెచ్చి పదమూడున్నర ఇచ్చెను. బాలుడు ఇంటికి పరుగెత్తి, ఎప్పటివలె పదకొండుంబావు తల్లి చేత పెట్టి, మిగిలిన రెండుంబావు జేబులోనే దాచెను. ఆ రాత్రి అటుకమీద తమ్ముని ప్రక్కన పరుండి ఆ రహస్యము వానికి మాత్రము చెప్పెను. మరునాడు ఆదివారము, అందరును ఉదయపు భోజనమునకు కూర్చుండినపుడు ఆ రెండుంబావును బల్లమీద పెట్టెను. తల్లి కన్నులు చెమర్చినవి. ఆ సొమ్ము ఒక రాత్రి వాని జేబులో నుండెను. ఇచ్చువాడు తానైనందుననే ఆ ఇచ్చుటకు అంత వెలుగు. నెల నెలయు జీతము చేతికందకమునుపే లాగికొను తండ్రులు ఈ ముచ్చటను రెండుమారులు చదువుదురు గాక.

పావురములు పోయినవి గదా, ఆ చోట ఏమి నిలిచినది? పుస్తకము. అలిఘెనీలో కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అను పెద్దమనిషి తన నన్నూరు పుస్తకములను పనిచేయు బాలుర కొరకు తెరచియుంచెను. శనివారమున ఒకటి తీసికొని మరుసటి శనివారము తిరిగి ఇచ్చి మరియొకటి కొనిపోవచ్చును. తరువాత ఆ భాండాగారపు నియమములు మారి, చేతిపని చేయనివారికి రుసుము పెట్టబడగా, కార్నెగీ 1853లో, తన పదునేడవ ఏట, పత్రికకు లేఖ వ్రాసెను. తలుపు తిరిగి తెరువబడెను. గూడు కావలసిన వ్యాసంగము వలసలో రాలిపోయినది. జేబులో ఇముడు వ్యాసంగము కూలిపనితోపాటు సాగినది. ఆ ఉపకారమును మరువక అతడు లోకమందంతట రెండువేల అయిదువందలకు మించిన గ్రంథాలయములకు ధనమిచ్చెను. అయితే చరిత్ర చెప్పువారు రెండవవైపును చెప్పవలెను. అతని ఉక్కు కార్ఖానాలలో కూలివాండ్రు రోజుకు పండ్రెండు గంటలు పనిచేసిరి. 1892లో హోమ్‌స్టెడ్‌లో పెద్ద సమ్మెయు, రక్తపాతమును జరిగినవి. పండ్రెండు గంటలు కొలిమియొద్ద నిలిచినవాడు పుస్తకమెప్పుడు తెరచునని ఆ దినములలోనే అడిగినవారు కలరు. ఆ ప్రశ్నకు అతని దానములలో జవాబు లేదు. వేళయే లేనిచోట అభిరుచిని నిలుపుకొమ్మని పాఠము చెప్పుట పరిహాసమగును.

ఆ వేళను కాపాడుటకే నేడు మన దేశమున చట్టము కలదు. 1986 నాటి చట్టమును 2016లో సవరించినారు. దాని ప్రకారము పదునాలుగేండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టరాదు. బడి వేళ తరువాత, సెలవులలో, సొంత కుటుంబపు పనిలో సాయపడుట మాత్రము మినహాయింపు, అదియు అపాయకరము కాని పనియైనప్పుడే. పదునాలుగు మొదలు పదునెనిమిది వరకు వయసున్నవారిని గనులు, పేలుడు పదార్థములు మొదలగు ప్రమాదకరమైన పనులలో పెట్టరాదు. ఆండ్రూ పదమూడవ ఏట చేసిన కొలువు నేడు మన ఊర నేరము. ఇది ముందు తెలిసికొని తరువాతి లెక్క వేయుడు. జీతము దాచుకొనుటకు త్రోవయు కలదు: పదియేండ్లు దాటిన మైనర్లు తామే పొదుపు ఖాతా నడుపుకొనుటకు రిజర్వు బ్యాంకు 2014నుండి బ్యాంకులకు అనుమతి నిచ్చినది.

ఇక మన బడి సంగతి. నిరుడు ఒక తల్లి నాకడకు వచ్చినది. కుమారుడు పదవ తరగతి, వయస్సు పదునైదు. సాయంత్రము నాలుగున్నరనుండి ఏడు వరకు టవళ్ల మడతల పని. ఆమె మాటలను ఉన్నవున్నట్లు వ్రాయుచున్నాను. “సారూ, వాడు రాత్రి పన్నెండు దాంక బొమ్మలేసుకుంట కూసుంటడు. పొద్దుగాల లేవడు. ఉన్న పైసలు రంగులకే పెడ్తడు. ఆ బొమ్మలు కూడు పెడ్తయా? బంద్ చెయ్యమని మీరన్న చెప్పుండ్రి.” ఆమె అడిగిన దానిలో తప్పు లేదు, ఆమెయు రోజంతయు పనిచేసి వచ్చినదే. నేను బాలునితో మానుమనియు చెప్పలేదు, మానవద్దనియు చెప్పలేదు. ఒక కాగితమిచ్చి వారమునకు గంటలెన్ని యని అడిగితిని. 168 అని వ్రాసెను. నిద్రకు 56, బడికిని రాకపోకలకును 42, చదువుకు 18, కొలువుకు 15, స్నానభోజనములకును ఇంటిపనులకును 21. మొత్తము 152. మిగిలినవి 16. బొమ్మలకు ఎన్ని పోవుచున్నవని అడిగితిని. కొంచెము తడబడి 20 అనెను. అనగా ఆ నాలుగు గంటలును నిద్రనుండి దొంగిలింపబడుచున్నవి.

తరువాత సొమ్ము లెక్క. నెలకు జీతము 2,400. పని 60 గంటలు. గంటకు 40 రూపాయలు. రంగులకు నెలకు 300 వ్యయము. ‘ఆ రంగులకు ఎన్ని గంటలు మడతలు పెట్టితివి?’ అంటిని. ఏడున్నర గంటలు. బాలుడు చాలసేపు ఆ అంకెనే చూచుచుండెను. వస్తువు వెలను రూపాయలలో చూచుట అందరికిని వచ్చును. తాను నిలుచుండి పనిచేసిన గంటలలో చూచుట సంపాదించువానికే వచ్చును.

మూడు దినముల తరువాత అతడే వచ్చి చెప్పెను. “రంగులు ఇడిసిపెడ్తున్న సార్. గని అమ్మ అన్నదని కాదు, నేనే లెక్క చూసుకున్న. పెన్సిలు మాత్రం ఇడువను.” కుంచెలను ప్రక్కింటి చిన్నపిల్లకు ఇచ్చివేసెను. ఇప్పుడు ఆదివారము రెండు గంటలు, జేబులోని చిన్న పుస్తకములో గీయును. ముందుముందు ఇతడు చద్దరు అంచులకు నమూనాలు గీసి జీతము తెచ్చునేమో యని తోడి ఉపాధ్యాయుడొకరు సంతోషించినారు. తేవచ్చును, తేకపోవచ్చును. జీతము తెచ్చినప్పుడే బొమ్మకు మర్యాద యనుట నాకు సమ్మతము కాదు.

ఆ బాలుడు రంగులను విడిచినందుకు నాకు విచారము లేదు. లెక్క చూచి విడిచినాడు, తానుగా విడిచినాడు, విడిచినది ఇంకొకరికి ఇచ్చినాడు. నాకు విచారము కలిగించునది మరియొకటి. మన పిల్లలు సంపాదనకు దిగిన నాడు అందరికంటె ముందు, ఎవరును చెప్పకుండగనే విడుచునది తెలుగు పుస్తకము. కొలువులో మరాఠీ, వర్తకులతో హిందీ, ఫోనులో ఆంగ్లము. పదవ తరగతి పరీక్ష వ్రాసిన మరునాటినుండి తెలుగు అక్షరము కంటబడు సందర్భమే లేదు. ఇంట మాటాడుదురు గదా యందురు; మాటాడుదురు. అయిదేండ్లలో శుభలేఖ చదువుటకు తాతను పిలుతురు. పై లెక్కను మరల చూడుడు: తెలుగు చదువుటకు రంగులవలె 300 రూపాయలు అక్కరలేదు, గూడు అక్కరలేదు, నాలుగు గంటలు నిద్ర చెడనక్కరలేదు. మిగిలిన 16 గంటలలో ఒక గంట చాలును. అనగా లెక్క అడుగకయే, ఊరకయే జారవిడుచుచున్నాము.

కావున ఈ సంవత్సరమునుండి మన బడి పుస్తకముల బీరువాను శనివారము సాయంత్రము ఏడునుండి ఎనిమిది వరకు తెరచియుంచెదను. బడి విడిచి పనికి పోవుచున్న పాతవిద్యార్థులకు కూడ ఇది వర్తించును. వారమునకొక పుస్తకము, రుసుము లేదు. పుస్తకము చినిగినచో అంటించి తెచ్చిన చాలును. తలిదండ్రులు వచ్చినను సంతోషమే.

ఇంటిపని: మీ వారపు 168 గంటలను పైవిధముగా పంచి వ్రాయుడు. మీరు కొనదలచిన యొక వస్తువు వెలను, మీ ఇంట సంపాదించువారు ఎవరైన ఒకరి పనిగంటలలోనికి మార్చుడు; వారిని అడిగి మార్చుడు, ఊహించి కాదు. మీ తల్లియో తండ్రియో మీ వయస్సున విడిచిన వ్యాసంగము ఏది, ఎందుకు విడిచిరి, ఆ పనిముట్లు ఏమైనవి? ఆ సంగతిని వారి మాటలలోనే పది పంక్తులు వ్రాసి, వచ్చు సోమవారము తెండు.